తొంభై అయిదో నిమిషం

హైమావతి టీచరు చనిపోయిన గురువారం నాడే రేగులవలస హైస్కూలుకు సినిమా గురించిన ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉదయం రెండో పీరియడులో ఆవిడ ఆరో తరగతి బి సెక్షన్ వ్యాసాల పుస్తకాలు దిద్దుతున్నారు. మొత్తం నలభై మూడు. పన్నెండు అయ్యాయి. పదమూడోది మధ్యలో ఉండగా గుండె దగ్గర పట్టేసినట్టుందని లేచారు. ఎర్ర పెన్ను ఆ పుస్తకంలోనే ఆనవాలుగా ఉంచి, దొంతరంతా బీరువాలో పెట్టి తాళం వేశారు. "మధ్యాహ్నం వచ్చి చూస్తాలే" అని అటెండరు అప్పలసూరితో చెప్పి ఇంటికి వెళ్లారు. మధ్యాహ్నం రాలేదు.

ఆవిడ భర్త కూర్మారావు మాస్టారు అదే స్కూల్లో లెక్కలు చెబుతారు. కబురు వచ్చేసరికి పదో తరగతిలో ఒక సిద్ధాంతం నిరూపిస్తున్నారు. బోర్డు మీద 'కావున' అని రాసి ఉన్నారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. ఆ 'కావున' రెండు రోజులు బోర్డు మీదే ఉంది. తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

మాస్టారు ఏడవలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేశారు, మంచినీళ్లు ఇచ్చారు, అడిగినదానికి జవాబు చెప్పారు. ఊళ్లో దీని మీద రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. మనిషి రాయి అని కొందరు, లోపల్లోపలే ఉడికిపోతున్నాడని కొందరు. రెండు పక్షాలవాళ్లూ పన్నెండు రోజులూ క్రమం తప్పకుండా వచ్చి ఆయన మొహం పరీక్షగా చూసి వెళ్లారు.

పదమూడో రోజున మాస్టారు బడికి వచ్చారు. గేటు దగ్గరే ఆరో తరగతి బి సెక్షన్ పిల్ల పైడితల్లి ఎదురైంది.

"సార్, మా వ్యాసాల పుస్తకాలు ఎప్పుడిస్తారండి?"

"ఏం వ్యాసం రాశారు?"

"'మా ఇంట్లో నాకు ఇష్టమైనవాళ్లు' అండి. నేను మా మామ్మ గురించి రాసేనండి. టీచరు గారు నాది సదివేరో లేదో తెలీదండి."

మాస్టారు జేబులో బీరువా తాళంచెవి తడుముకున్నారు. ఆ తాళంచెవి హైమావతి కొంగున ఉండేది. మిగిలినవి తానే దిద్దుదామని ఆయన ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చారు. లెక్కల మాస్టారైనా ఆరో తరగతి వ్యాసాలు దిద్దలేకపోరు.

"సాయంత్రం ఇస్తానమ్మా" అన్నారు.

కాని ఆ రోజు సాయంత్రం వరకూ ఆయనకు తీరిక లేదు. ఆ రోజు సినిమా.

*

జిల్లాలో కొత్తగా 'సమగ్ర భావ వికాస పథకం' ప్రారంభమయింది. దానికి అధికారి దివాకరం గారు. ఆయన రాజధానిలో ఒక శిక్షణకు వెళ్లి, చల్లని హాల్లో ఒక కౌబాయ్ సినిమా చూసి, మూడు రాత్రులు నిద్రపట్టక, ఈ మేలు తనొక్కడికే దక్కడం న్యాయం కాదని జిల్లా మొత్తానికి విస్తరించారు. ఉత్తర్వు ఇలా ఉంది:

"సర్వ ప్రధానోపాధ్యాయులకు తెలియజేయడమేమనగా, ఇటీవలి కాలమున ఉపాధ్యాయ వర్గమునందు స్పందించవలసిన చోట స్పందించకపోవుట, అక్కరలేని చోట స్పందించుట అను రెండు లోపములు గమనింపబడినవి. మన చలనచిత్రములలో ఎవరు కనిపించిన ఈల వేయవలెనో, ఏ తల్లి దగ్గిన కన్నులు తుడుచుకొనవలెనో ప్రేక్షకులకు ముందుగనే తెలియును. అది స్పందన కాదు, అలవాటు. కావున పాటలు లేనిదియు, హాస్యము లేనిదియు, దుమ్ము, బురద, నెత్తురు మాత్రమే సమృద్ధిగా గలదియు అగు పాశ్చాత్య చిత్రమొకటి ఎంపిక చేయడమైనది. సిబ్బంది యావన్మంది వీక్షించి, ఏ నిమిషమున ఏ భావము ఏ మోతాదులో కలిగినదో నిర్ణీత పత్రమునందు నమోదు చేయవలెను. నూటికి నూరు శాతము ఫలితము వచ్చువరకు పాఠశాలకు విముక్తి లేదు."

జిల్లాలో పరీక్షలు తప్ప వేరే పని ఎలా చేస్తారో ఎవరికీ తెలియదు కాబట్టి, సినిమా కూడా పరీక్ష మాదిరిగానే ఏర్పాటయింది. పద్నాలుగు మంది సిబ్బందికి పద్నాలుగు హాల్ టికెట్లు వచ్చాయి. బల్లకొకరు చొప్పున కూర్చోబెట్టారు. పక్కవాళ్ల కన్నీళ్లు చూడకుండా పర్యవేక్షకులు ఇద్దరు. కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. తెర మీద కుడివైపు మూలన నిమిషాలు అంకెల్లో నడుస్తుంటాయి. ఇంటర్వెల్ ఇస్తే బయటికి వెళ్లి మాట్లాడుకుని ఒకరి భావం ఒకరు కాపీ కొడతారని ఇంటర్వెల్ రద్దు చేశారు.

సినిమా మొదలయింది. ఒక ముసలి కౌబాయ్. అతనికి పేరు లేదు. గడ్డంలో దుమ్ము, కళ్లలో దుమ్ము, గుర్రం మీద దుమ్ము. పది నిమిషాలకొకసారి ఎవరో ఒకరు చచ్చిపోతున్నారు. మాటలు చాలా తక్కువ, ఉన్నవి ఎవరికీ అర్థం కాలేదు, అర్థం కాకపోవడం వల్ల ఎవరికీ ఇబ్బందీ కలగలేదు.

"ఈ బాబు తానం సేసి ఎన్నాళ్లయిందో" అన్నాడు అప్పలసూరి.

"మాట్లాడకూడదు! 'ఏహ్యభావం, స్వల్పం' అని రాసుకో" అన్నాడు పర్యవేక్షకుడు.

అరవై రెండో నిమిషంలో దొంగలు ఒక పల్లెను తగలబెట్టారు. ఇళ్లు కాలుతున్నాయి, లోపలినుంచి కేకలు. అప్పలసూరి నెత్తిమీద చేతులు పెట్టుకుని, "అయ్యో అయ్యో, గుంటలు, సిన్నపిల్లలు లోనుండిపోనారు, ఎవులైనా తలుపు తియ్యండర్రా" అని ఏడ్చాడు. డ్రిల్లు మాస్టారు తవిటినాయుడు ఆరడుగుల మనిషి, రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆ తరవాత ఎనభయ్యో నిమిషంలో మరేదో విషాదం జరిగింది. లేడీ టీచర్లు వెక్కివెక్కి ఏడ్చారు.

అదేమిటో కూర్మారావు మాస్టారు చూడలేదు. ఆయన మొదటినుంచీ తెర మూలన నడుస్తున్న అంకెలనే చూస్తున్నారు. ఈమధ్య ఆయనకు అంకెలవైపు చూడడం ఒక్కటే క్షేమంగా ఉంటోంది. చివర్లో పత్రం ఖాళీగా ఇచ్చేశారు.

సాయంత్రం నాలుగున్నరకు తాళంచెవి పట్టుకుని స్టాఫ్ రూముకు వెళితే, హైమావతి బీరువా తాళం కప్పమీద లక్క ముద్ర ఉంది. దానికి గుడ్డ చుట్టి, ముగ్గురు సంతకాలు చేశారు.

"స్పందన పత్రాల నకళ్లు భద్రపరచాలన్నారు మాస్టారూ" అన్నారు హెడ్మాస్టరు నీలాచలం గారు నొచ్చుకుంటూ. "మన స్కూల్లో తాళం పడే బీరువా ఇదొక్కటే కదా. నా దగ్గరున్న మారుతాళంతో తీసి పెట్టించాను."

"లోపల పిల్లల పుస్తకాలున్నాయండి."

"ఉన్నాయి. చూశాను. కాని ముద్ర పడ్డాక లోపలున్నదంతా రికార్డే. వంద శాతం ఫలితం వచ్చేదాకా తియ్యకూడదు."

ఆ బీరువాకు ముందువైపు సన్నని ఇనప జల్లెడ. పుస్తకాల దొంతర స్పష్టంగా కనిపిస్తోంది. పైనుంచి పదమూడో పుస్తకంలోంచి ఎర్ర పెన్ను మూత బయటికి పొడుచుకుని ఉంది. మాస్టారు వేలు పెట్టి చూశారు. చిటికెన వేలు కూడా దూరలేదు.

*

వారానికి ఫలితాలు వచ్చాయి. పద్నాలుగు మందీ తప్పారు.

ఒక్క రేగులవలసే కాదు, జిల్లాలో అన్ని బళ్లూ తప్పాయి. రివాజు ప్రకారం పరీక్ష అయ్యాకే 'కీ' విడుదల చేశారు. దాన్ని నోటీసు బోర్డుకు అంటించగానే సిబ్బంది అంతా మూగారు. మొదటి గంట వరకూ జవాబులు బాగానే ఉన్నాయి. ఆ తరవాత ఇలా ఉంది:

"60 నుంచి 75 నిమిషముల వరకు: తృప్తి, తీవ్రము. స్వల్పముగా రుచి భావము. 77వ నిమిషము: భయము, శోకము. 95వ నిమిషము: శోకము, తీవ్రము. కన్నీరు తప్పనిసరి."

"ఊరు తగలబడతుంటే తృప్తేటండి?" అన్నాడు అప్పలసూరి. "రుచేటి? మనం మనుసులమా, కొరివి దెయ్యాలమా?"

"తొంభై అయిదో నిమిషంలో ఏముందని ఏడవాలి?" అన్నాడు తవిటినాయుడు. "అప్పుడా కౌబాయ్ మంగలిషాపులో గెడ్డం గీయించుకుంటన్నాడు!"

కూర్మారావు మాస్టారు బోర్డు ముందు కాసేపు నిలబడ్డారు. సినిమాలో ఏం జరిగిందో ఆయనకు తెలియదు గాని, ఎప్పుడు ఎవరు ఏడ్చారో అంకెలతో సహా గుర్తుంది. అరవై రెండు, డెబ్భై ఏడు. ఎనభై, తొంభై అయిదు.

"పదిహేను నిమిషాల తేడా" అన్నారు.

మర్నాడు హెడ్మాస్టరు, ఆయన కలిసి జిల్లా కార్యాలయానికి వెళ్లారు. దివాకరం గారు సాదరంగానే కూర్చోమన్నారు.

"'కీ' ఎలా తయారుచేశారండి?" అని అడిగారు మాస్టారు.

"అత్యంత శాస్త్రీయంగా. అయిదుగురు నిపుణుల సంఘం. గోడగడియారం చూసుకుంటూ, ప్రతి నిమిషానికీ తమ అంతరంగాన్ని శోధించి, ఏకగ్రీవంగా నమోదు చేశారు."

"మధ్యలో ఇంటర్వెల్ ఇచ్చారా అండి?"

"ఇవ్వకుండా? ఇంటర్వెల్ లేకుండా సినిమా చూడ్డానికి మేం మాత్రం మనుషులం కామా? సరిగ్గా అరవయ్యో నిమిషంలో ఇచ్చాం. వేడివేడి ఉల్లిపకోడీ, అల్లం టీ. పదిహేను నిమిషాలు."

"అప్పుడు గడియారం ఆపారా అండి?"

"ప్రభుత్వ గడియారం. ఎవరాపుతారు?"

"నమోదు కూడా ఆపలేదా అండి?"

"నమోదు చెయ్యమని ఉత్తర్వు. ఆపమని ఉత్తర్వు లేదు."

నీలాచలం గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మాస్టారు జేబులోంచి కాగితం తీసి, మెల్లగా, ఎనిమిదో తరగతివాళ్లకు చెప్పినట్టు, తేడా ఎక్కడ వచ్చిందో గీత గీసి చూపించారు. ఆ తృప్తి పకోడీదనీ, పల్లెకు సంబంధించింది కాదనీ చెప్పారు. దివాకరం గారు ఆ గీతను తలకిందులుగా, మామూలుగా, రెండు విధాలుగా చూశారు.

"మీ పరిశీలన ప్రశంసనీయం" అన్నారు. "కాని ఒక్కమాట ఆలోచించండి. 'కీ' తప్పంటే సంఘం తప్పు. సంఘం తప్పంటే దాన్ని నియమించిన ఉత్తర్వు తప్పు. ఉత్తర్వు తప్పు కావడానికి వీల్లేదు. కావున ప్రేక్షకుడిదే తప్పు."

సిద్ధాంతం అంత చక్కగా ముగియడం చూసి మాస్టారు పెన్నుకు మూత పెట్టేశారు. "పోనీ, బీరువాలో పిల్లల పుస్తకాలు ఉన్నాయండి. అవి ఇప్పిస్తే దిద్దుకుంటాను" అన్నారు.

"ఎవరు పెట్టారు?"

"హైమావతి టీచరండి."

"అయితే పెట్టినవారే స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి."

"ఆవిడ లేరండి."

"సెలవులో ఉన్నారా? ఎప్పుడొస్తారు?"

మాస్టారు తన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. నీలాచలం గారే లేచి, "వస్తామండి" అన్నారు.

*

ఆ తరవాత జిల్లా అంతటా చదువు మొదలయింది.

'కీ' మారదని తెలిశాక రేగులవలస స్టాఫ్ రూములో పని విభజన జరిగింది. తవిటినాయుడికి ఈల బాధ్యత. ఒక ఈలకు దుఃఖం, రెండింటికి తృప్తి, పొడుగు ఈలకు మామూలు మొహం. రోజూ ప్రార్థన అయ్యాక గ్రౌండులో అరగంట అభ్యాసం. తృప్తి మొదట్లో ఎవరికీ కుదరలేదు. అప్పలసూరే దారి చూపించాడు.

"ఏటుంది బాబూ ఇందులో? కళ్లు మూసుకోండి. వంకాయ కూర అనుకోండి. నాలిక పెదాల మీద రాయండి. అయిపోనాది."

రెండు వారాల్లో అందరికీ పట్టుబడింది. ఎంతగా పట్టుబడిందంటే, పక్కవీధిలో గడ్డివాము అంటుకున్నప్పుడు మంటలు ఆర్పడానికి పరిగెత్తిన టీచర్లు నలుగురు దాని ముందు నిలబడి లొట్టలు వేశారు. గడ్డివాము ఆసామి కర్ర తీసుకుని వెంటపడితే, ఇది ప్రభుత్వ కార్యక్రమమని నచ్చజెప్పవలసి వచ్చింది. పెళ్లిళ్లలో అప్పగింతల వేళ చుట్టాలుగా వచ్చిన ఉపాధ్యాయులు కదలకుండా నిలబడి, సరిగ్గా పదిహేను నిమిషాలకు, పెళ్లికూతురు కారు ఊరు దాటాక, భోరుమనేవారు. జిల్లాలో దుఃఖం ఆలస్యంగా నడుస్తోందని, అయినా తప్పకుండా గమ్యం చేరుతోందని దివాకరం గారు నివేదిక పంపారు.

హైమావతి టీచరుకు సంతాపసభ ఇంకా జరగలేదు. సినిమా హడావుడిలో పడి వాయిదా వేస్తూ వచ్చారు. రెండో విడత పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం జరిపారు. పటానికి దండ వేశారు. నీలాచలం గారు ఆవిడ చేతిరాత గురించి, ఏనాడూ పిల్లల మీద చెయ్యి చేసుకోకపోవడం గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. నిజంగానే మధ్యలో ఆగి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అందరూ తలలు వంచుకుని మౌనంగా ఉన్నారు. ఇంతలో వెనకనుంచి ఈల వినిపించింది. తవిటినాయుడు అలవాటుకొద్దీ ఊదాడు. హాలంతా ఒక్క పెట్టున గొల్లుమంది. ఒకరు ఎక్కువా లేదు, ఒకరు తక్కువా లేదు. పొడుగు ఈల పడగానే ఆగిపోయి, టీ తాగారు.

తవిటినాయుడు తరవాత మాస్టారి దగ్గరికి వచ్చి తల దించుకున్నాడు.

"తప్పయిపోనాది మాస్టారూ. వదిన గారంటే నాకు... చెయ్యి దానంతటదే ఎల్లిపోనాది ఈల మీదికి."

"ఫరవాలేదు నాయుడూ."

"మీరేనా ఒక్కసారి ఏడిసీండి మాస్టారూ. పరీచ్చకోసం కాదు. మీకోసం చెప్తన్నాను."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. ఇప్పుడు స్కూల్లో పదముగ్గురికీ నిమిషం తప్పకుండా ఏడుపు వస్తోంది. రానిది ఆయన ఒక్కరికే. ఈల వేసినా రాలేదు, తిట్టినా రాలేదు. అప్పలసూరి ఉల్లిపాయ కోసి ముక్కుకింద పెడితే తుమ్ము వచ్చింది.

సాయంత్రం నీలాచలం గారు పిలిచి కూర్చోబెట్టారు.

"రేపు మొత్తం మీ మీదే ఉంది. మిగతావేవీ అక్కర్లేదు, నేను చూసుకుంటాను. తొంభై అయిదో నిమిషంలో ఒక్క బొట్టు. ఆ ఒక్క కన్నీటి బొట్టు పడితే బీరువా తెరుస్తారు."

"ప్రయత్నిస్తానండి" అన్నారు మాస్టారు.

బయటికి వస్తుంటే వరండాలో పైడితల్లి నిలబడి ఉంది. ఆ పిల్ల ఈమధ్య అడగడం మానేసింది. ఊరికే నిలబడుతోంది. అడిగినా బాగుండేది.

*

రెండో విడతకు దివాకరం గారే స్వయంగా వచ్చారు. కాపీయింగ్ అరికట్టడానికి ఒక కొత్త జాగ్రత్త తీసుకున్నారు. తెర మూలన అంకెలు నడిచే చోట నల్లకాగితం అంటించారు. నిమిషం చూసి ఏడవకూడదు, హృదయంనుంచి రావాలి అన్నారు. అందుకు విరుగుడుగా తవిటినాయుడు గ్రౌండులో ఏడో తరగతికి డ్రిల్లు పెట్టి, చేతిగడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. డ్రిల్లు పీరియడులో ఈల వేయకూడదని ఏ ఉత్తర్వూ లేదు. అతని స్పందన పత్రం ముందే రాయించి తీసుకున్నారు కాబట్టి అతనూ సినిమా చూసినట్టే లెక్క.

దీపాలు ఆర్పారు. కూర్మారావు మాస్టారు అలవాటుగా కుడివైపు మూలకు చూశారు. అక్కడ నల్లకాగితం. చూడడానికి అంకెలు లేవు. ఇంక సినిమా తప్ప వేరే ఏదీ లేదు.

అలా ఆయన మొదటిసారి ఆ సినిమా చూశారు.

ముసలి కౌబాయ్ గురి చూస్తే తప్పదు. పరిగెత్తే గుర్రం మీదినుంచి ఎగిరే గద్దను కొట్టగలడు. బురదలో పడతాడు, లేస్తాడు, ఎవరితోనూ మాట్లాడడు. బయట రెండు ఈలలు వినిపించాయి. తెర మీద పల్లె తగలబడుతోంది. హాల్లో అందరూ కళ్లు అరమూసి, పెదాలు తడుపుకుంటూ, హాయిగా నిట్టూరుస్తున్నారు. అప్పలసూరి అయితే ఏకంగా పొట్ట నిమురుకున్నాడు. దివాకరం గారు అతని పేరు ప్రత్యేకంగా రాసుకున్నారు.

తరవాత కౌబాయ్ ఒక కొండకింద గుడిసెకు వచ్చాడు. అతని ఇల్లే. వానలో గుర్రం దిగి లోపలికి వెళ్లాడు. లోపల ఎవరూ లేరు. చాలా రోజులనుంచీ లేరని పొయ్యి చూస్తే తెలుస్తోంది. కుర్చీ మీద అతని పాత కోటు ఉంది. మోచేతి దగ్గర చిరుగు. ఎవరో సగం దాకా కుట్టారు. సూది ఇంకా గుడ్డలోనే గుచ్చి ఉంది, దారం వేలాడుతోంది.

కౌబాయ్ కూర్చున్నాడు. కోటు ఒళ్లో పెట్టుకున్నాడు. సూది లాగేసరికి దారం ఊడిపోయింది. దాన్ని మళ్లీ ఎక్కించబోయాడు. గద్దను కొట్టిన చేతులు. దారం తడి చేసి, కన్ను చికిలించి, వెలుతురువైపు తిప్పుకుని పెట్టాడు. తప్పిపోయింది. మళ్లీ పెట్టాడు. తప్పిపోయింది. వాన కురుస్తోంది. ఎవరూ చావడం లేదు, ఎవరూ కాల్చడం లేదు. ముసలివాడు ఒకడు సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు, అంతే.

కూర్మారావు మాస్టారి కడుపులోంచి ఒక శబ్దం వచ్చింది. అది తనదేనని ఆయనకు వెంటనే తెలియలేదు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. మిగతా పన్నెండు మందీ మామూలు మొహాలతో, పొడుగు ఈల ప్రకారం, నిటారుగా కూర్చుని ఉన్నారు. ఆయన ఒక్కరూ బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తున్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. హాల్ టికెట్ తడిసిపోయింది.

పర్యవేక్షకుడు గబగబా వచ్చి చేతిగడియారం చూసుకున్నాడు.

"మాస్టారూ! ఎనభయ్యో నిమిషమండీ ఇది!"

ఆయనకు వినబడలేదు.

పర్యవేక్షకుడు కూడా పక్క ఊరి టీచరే. మనసున్నవాడు. అటూ ఇటూ చూసి చెవిలో అన్నాడు: "సరే, మొదలెట్టేశారు కదా. ఇంకో పదిహేను నిమిషాలు ఇలాగే లాగించండి. తొంభై అయిదు దాకా నిలబెడితే సరిపోతుంది. నేను అప్పుడే చూసినట్టు రాస్తాను."

మాస్టారికి అది వినబడింది. బీరువా గుర్తొచ్చింది. లాగించాలనే అనుకున్నారు. కాని ఆ ఏడుపు ఆయన చెప్పుచేతల్లో లేదు. ఎలా వచ్చిందో అలాగే, తనకు కావలసినంతసేపు ఉండి, తగ్గిపోయింది. తెర మీద మంగలిషాపు వచ్చేసరికి ఆయన రుమాలుతో మొహం తుడుచుకుని, నెల దాటాక మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుని కూర్చున్నారు. బయట ఈల పడింది. కౌబాయ్ గడ్డానికి నురగ పూస్తున్నారు. హాలంతా భోరుమంది.

మాస్టారు నురగవైపు చూశారు. కళ్లు గట్టిగా మూసి తెరిచారు. ఒక్క బొట్టు రాలేదు. ఉన్నది అయిపోయింది.

దివాకరం గారు ఆయన బల్ల దగ్గర ఆగి చాలాసేపు చూశారు.

"ఇది అన్నింటికన్నా తీవ్రమైన నేరం" అన్నారు. "స్పందన లేకపోవడాన్నయినా క్షమించవచ్చు. ఇది ముందస్తు దుఃఖం. అనుమతికి పదిహేను నిమిషాలు ముందుగా, అదీ తెర వైపు చూసి ఏడ్చారు."

"సినిమా చూసే ఏడ్చానండి" అన్నారు మాస్టారు.

"ఒప్పుకున్నారు" అని దివాకరం గారు రాసుకున్నారు.

*

ఫలితాలు వచ్చాయి. రేగులవలస పద్నాలుగింటికి పదమూడు. అప్పలసూరి జిల్లా మొదటివాడు. పల్లె దహన ఘట్టంలో అతను చూపిన తృప్తి నిపుణుల సంఘాన్ని మించినదని ప్రశంసాపత్రంలో రాశారు. శాలువా కప్పుతుంటే అతను అందరి ముందూ, "నాకీ దండలేటి బాబూ, నానా రోజు ఆ గుంటల్ని తలుసుకోకుండా ఉండడానికి వంకాయకూర తలుసుకున్నాను" అన్నాడు. అది వినయమనుకుని చప్పట్లు కొట్టారు.

కూర్మారావు మాస్టారిని రెండు విడతలు సినిమా చూడకుండా నిషేధించారు. ఆయన చూడనిదే వంద శాతం రాదు, వంద శాతం రానిదే ముద్ర తియ్యరు, నిషేధం ముగియనిదే ఆయన చూడరు. మూడో విడత తేదీ ఇంకా నిర్ణయం కాలేదు. ప్రొజెక్టరు మరమ్మతుకు వెళ్లిందన్నారు.

ఆ సాయంత్రం బడి వదిలాక మాస్టారు పైడితల్లిని స్టాఫ్ రూములోకి పిలిచి, బీరువా ముందు స్టూలు వేసి కూర్చోబెట్టారు. తాను పక్కన నేల మీద కూర్చున్నారు.

"నీకు సాయంత్రం ఇస్తానన్నాను. ఇవ్వలేకపోయానమ్మా."

పైడితల్లి జల్లెడకు మొహం ఆనించి లోపలికి చూసింది. వేలితో కిందికి లెక్కపెట్టుకుంటూ వచ్చి ఆగిపోయింది.

"సార్! ఆ పెన్ను ఉన్నది నా పుస్తకంలోనేనండి! నీలం అట్ట, మూల సిరిగింది. మా మామ్మే అతికింది మైదాపిండితో."

"నీదేనా?"

"నాదేనండి! అయితే టీచరు గారు నాది సదివేరండి!"

"చదువుతుండగా లేచారు."

"ఎంతవరకూ సదివేరండి?"

"తెలీదమ్మా."

"మా మామ్మ సూదిలో దారం ఎక్కించమంటాదండి నన్ను. ఆవిడికి కళ్లు ఆనవు. ఆ సంగతి రెండో పేజీలో రాసేను. అంతవరకూ వచ్చేరంటారా?"

మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. పైడితల్లి గోడగడియారం వైపు చూడలేదు. ఆయన తుడుచుకోవడం అయ్యేదాకా కూర్చుంది.

ఆ బీరువా ఇప్పటికీ అలాగే ఉంది. లక్క ముద్ర, గుడ్డ మీద ముగ్గురి సంతకాలు చెక్కుచెదరలేదు. తాళంచెవి మాస్టారి జేబులోనే ఉంది. ఆరో తరగతి బి సెక్షన్ వ్యాసాలు ముప్పై ఒకటి దిద్దవలసి ఉంది. అందులో మొదటిది సగమే.